పదిమంది తోటలో గొలుసులేని కుక్క

ఇంటిలోపలి మర్యాద యింటివాని యిష్టమును బట్టి యుండును. నడివీధి మర్యాదను పోలీసువారు చూచుకొందురు. ఈ రెంటికిని నడుమ నున్నది పేటలోని తోట. అక్కడ యజమాని లేడు. కావలివాడు తరచుగా నుండడు. వచ్చిపోవువారి యోగ్యతయే అక్కడి చట్టము. కావున నొక పేటవారి నాగరికతను కొలువదలచినవారు వారి మేడలను చూడనక్కరలేదు. సాయంకాలము అయిదు గంటలకు వారి తోటకు పోయి యొక గడియ కూర్చుండిన చాలును. పెంపుడు కుక్కలను గొలుసు విప్పి యిట్టి తోటలలో వదలుట యుక్తమా యను ప్రశ్న పైకి చిన్నదిగానే కనబడును. పాతబస్తీలో కాపురముండు వారికి మాత్ర మది చిన్నది కాదు.

పాతబస్తీ తోటలకు కరవుపడిన పట్టణమని చెప్పినచో నీ నగరమును కట్టినవారు నమ్మజాలరు. 1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబ్ షా చార్మినారును నిలిపి నగరమును తీర్చినప్పుడు తోటలును నీటి వసతులును ఆ నిర్మాణమున భాగములై యుండెను. పదునేడవ శతాబ్దమున నీదేశమునకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే యీ నగరమును బాగ్‌నగరమని వ్యవహరించి, ఆ పేరును తోటతోనే ముడిపెట్టెను. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టబెట్టుకొనిన తరువాత, 1912లో నేర్పడిన నగరాభివృద్ధి మండలి, పెద్దలు ఆరాయిషె బల్దా యని పిలుచుచు వచ్చినది, ఇరుకు పేటలను విప్పి వానిలోనికి గాలిని వెలుతురును రానిచ్చుటకు పూనుకొనెను. బహిరంగ స్థలము విలాసము గాదనియు, ఆరోగ్యమునకు ఆధారమనియు ఆనాడే పాలకులు గ్రహించి యుండిరి.

ఆ తోటలలో నేడు మిగిలినది స్వల్పము. దేవిడీలు వాటాలుగా చీలిపోయినవి. వాని ముంగిళ్లును లోపలి పూదోటలును అంతరించి, ఆ నేలపై నంతస్తుల యిండ్లు లేచినవి. దేవిడీల దినములలో కుక్కను పెంచువానికి దానిని పరుగెత్తించుటకు తన ప్రహరీలోపలనే చోటుండెడిది. ఇప్పుడో, మూడవ అంతస్తులో రెండుగదుల వాటాలో కాపురముండువాడును లాబ్రడారును, జర్మను షెపర్డును పెంచుచున్నాడు. పెంచుట తప్పని మేము చెప్పము. గౌలిపుర, శాలిబండ, లాల్‌దర్వాజా, ఉప్పుగూడ మున్నగు పేటలలో పిల్లవాని బంతియాటకును, వృద్ధుని నడకకును, వంటయింటి పొగనుండి వెలువడిన యిల్లాలు నాలుగు మాటలు చెప్పుకొనుటకును మిగిలిన పచ్చనినేల యెంత గలదో చూచిన పిమ్మట, ఆ కుక్కను గొలుసు విప్పుటకు దానిలో నెంత చోటున్నదో ప్రతివాడును తానే లెక్కవేసికొనవలయునని మాత్రము చెప్పుదుము.

తోటలో జరుగు కథ యేపేటదైనను నొక్కటియే. అయిదేండ్ల మనుమని చేయిపట్టుకొని యొక ముసలమ్మ వచ్చును. ఆవలి మూలనుండి యొక కుక్క గొలుసు లేక పరుగెత్తుకొని వచ్చును. దాని యజమాని నూరు గజముల దూరమున నిలిచి చేయి యూపుచు, 'డరో మత్, కుఛ్ నై కర్తా' యని కేకవేయును. అతడు తెలుగువాడైనచో 'భయపడకండమ్మా, మాది ఏమీ చేయదు' అనును. పిల్లవాడు భయపడి పరుగెత్తును. పరుగెత్తుదానిని తరుముట కుక్కకు పుట్టుకతో వచ్చిన గుణము గనుక నదియు తరుమును. పిల్లవాడు పడి మోకాళ్లు గీసికొనును. కుక్క కరవలేదు, కావున నేమియు జరుగలేదని యజమాని తలచి, గర్వముతోనే యింటికి పోవును. మరునాటినుండి యా ముసలమ్మయు మనుమడును తోటకు రారు. ఒక జంతువునకు స్వేచ్ఛ లభించెను. ఇద్దరు మనుష్యులకు వెలి పడెను. ఈ వెలికి విచారణ లేదు, తీర్పు లేదు, అప్పీలు లేదు. ముసలమ్మ యెవరితోను చెప్పుకొనదు గనుక తోటలో నెవరికిని ఫిర్యాదు లేదనియే మనము భావింతుము.

ఇట్లు ముందుగా తొలగిపోవువా రెవరో గమనింపుడు. బలిష్ఠుడైన యువకుడు తొలగడు. చేతికఱ్ఱ నూతగా గొని నడచు వృద్ధుడు, నిండు చూలాలు, బురఖాతో పరుగెత్తజాలని స్త్రీ, చిన్నపిల్ల, వీరు తొలగిపోవుదురు. తక్కినవారికి హోటలున్నది, సినిమా యున్నది, పై పట్టణమున విశాలమైన పార్కులున్నవి. వీరికి మాత్రము ఆ తోట తప్ప మరియొక గతి లేదు.

'మా కుక్క సాధువు' అను యజమాని అబద్ధమాడుట లేదు. ఆయన యెరిగినది యింటిలోని కుక్కను. తోటలో నదియే కుక్క వేరొక కుక్కను, దొర్లుచున్న బంతిని, ఊరేగింపు బాజాను, హఠాత్తుగా ప్రేలిన టపాకాయను ఎదుర్కొనినపు డేమిచేయునో ఆయనయు నెరుగడు. మొరుగు కుక్క కరవదను సామెత యున్నది గాని, యా సామెత కుక్క కెవరును చెప్పియుండలేదు. పైగా పాతబస్తీ తోటల ద్వారములకడ వీధికుక్కలు తమ తమ హద్దులు ఏర్పరచుకొని యుండును. గొలుసులేని పెంపుడు కుక్క యా హద్దు దాటగానే పోరాటము పుట్టును. ఆ పోరాటమున కడ్డము వచ్చిన మనుష్యునికి కాటు పడును.

2023 ఫిబ్రవరి 19వ తేదీని అంబరుపేటలో నాలుగేండ్ల బాలుని కుక్కల గుంపొకటి కరచి చంపిన దారుణము నీనగరము మరువలేదు. హైకోర్టువారు తమంతట తామే యావిషయమును విచారణకు గైకొనిరి. ఆ కుక్కలు వీధికుక్కలు, పెంపుడు కుక్కలు కావు. ఈ భేదమును మరచుట న్యాయము గాదు. కాని తల్లి గుండెలోని భయమున కా భేదము తెలియదు. నాటినుండి యీ నగరమున కుక్క మీదికి దూకినపుడు పిల్లవాని తల్లి కంటికి మెదలునది యా దృశ్యమే. ఆ భయమును వెక్కిరించుటకు ఏ యజమానికిని హక్కు లేదు.

భయమున కాధారమును లేకపోలేదు. పిచ్చికుక్క కాటువలన కలుగు వ్యాధి లక్షణములు పొడసూపిన పిమ్మట దాదాపు మరణమే గతి. ప్రపంచమున మనుష్యులకు కలుగు నీ వ్యాధిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు కుక్కల మూలముననే వచ్చుచున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. ఒకప్పుడు కాటుపడినవారు కసౌలీకో కూనూరుకో పోవలసి యుండెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను తలచుకొని నేటికిని కొందరు వైద్యమునకు వెనుదీయుచున్నారు. ఆ పాతమందు తయారీ 2004తో మనదేశమున నిలిచిపోయినది. ఇప్పుడు నాలుగైదు సూదులు చేతికే వేయుదురు. నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో టీకా లభించును. ఆ మందును తయారుచేయు ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థ 1982లో నీనగరముననే నెలకొనినది. కాటుపడగానే పసుపును కారమును పూయక, పారునీటితో సబ్బుపెట్టి పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే వైద్యుని దర్శింపవలయును. కుక్కకు ఏటేట టీకా వేయించి, నగరపాలక సంస్థవారి లైసెన్సు పొందుట యజమాని మొదటి ధర్మము. ఆ ధర్మమును నెరవేర్చినంత మాత్రమున గొలుసు విప్పుట కధికారము వచ్చినదని మాత్రము తలపరాదు. టీకా వ్యాధిని ఆపును, పంటిని ఆపదు.

చట్టము నీవిషయమున మౌనముగా లేదు. తన స్వాధీనమునందున్న జంతువువలన మనుష్యుల ప్రాణమునకుగాని, తీవ్రమైన గాయమునకుగాని కారణము కాదగిన యపాయమును నివారింప నశ్రద్ధచేయుట 1860 నాటి శిక్షాస్మృతి 289వ సెక్షను క్రింద నేరమై యుండెను. 2024 జులై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 291వ సెక్షనులో నదియే నియమము నిలిచియున్నది. ఆరునెలల వరకు ఖైదు, అయిదువేల రూపాయల వరకు జుర్మానా, లేక రెండును విధింపవచ్చును. అయినను పొరుగువానిని పోలీసు ఠాణాకు లాగుటవలన పేట బాగుపడదు. చట్టము చివరి మెట్టు. మొదటి మెట్టు మర్యాద.

ఇక కుక్కను ప్రేమించువారి పక్షమున చెప్పదగిన మాట గట్టిదియే. పరుగులేని కుక్క రోగిష్ఠియగును, కోపిష్ఠియగును. దానిని తోటనుండి బొత్తిగా వెలివేయుట పరిష్కారము గాదు. జంతుసంక్షేమ మండలివారు 2015లో జారీచేసిన సూచనలలో, నివాసుల సంఘములు పెంపుడు జంతువులను నిషేధింపరాదనియు, తోటలలో నెల్లరకును సమ్మతమైన వేళలు నిర్ణయించుకొనుట మంచిదనియు చెప్పియున్నారు. 1832లో బొంబాయి ప్రభుత్వమువారు వీధికుక్కలను చంపింపబూనగా పార్సీలు తిరుగబడి నగరమును స్తంభింపజేసిన చరిత్ర గలదు. మన తెలుగు భారతము మొదటనే నన్నయభట్టారకుడు చెప్పిన సరమ కథ నెరుగనివా రెవరు? జనమేజయుని యాగశాలలోనికి దేవశుని సరమ కొడుకు పోగా, హవిస్సును ముట్టకున్నను రాజసోదరులు దానిని కొట్టిరి. నిరపరాధిని హింసించినందుకు ఎదురుచూడని భయము వచ్చునని తల్లి కుక్క రాజును హెచ్చరించినది. పదిమంది చేరుచోట గొలుసులేని కుక్క కథ మన కాదికావ్యముతోనే మొదలైనది. తోటకు వచ్చిన కుక్కను ఱాళ్లతో కొట్టువాడును, విషము పెట్టువాడును ఆ కథను జ్ఞప్తియందుంచుకొనవలయును. తప్పు జంతువుది కాదు. గొలుసు పట్టవలసిన చేతిది.

పాతబస్తీలో నీ ప్రశ్నకు మరియొక ముఖమును గలదు. మఘ్రిబ్ నమాజునకు వుజూ చేసికొని పోవు పెద్దమనిషి బట్టలకు కుక్క లాల తగిలినచో ఆయన మరల శుద్ధిచేసికొనవలసి వచ్చును. మడితో గుడికి పోవు స్త్రీకిని అంతియే యిబ్బంది. దీనిని జంతుద్వేషమని యనుకొనుట యజ్ఞానము. దప్పిగొన్న కుక్కకు బావినీరు తోడిపోసినవాని పాపములు క్షమింపబడెనను కథను ముస్లిము పెద్దలే తమ పిల్లలకు చెప్పుదురు. ధర్మరాజు తన్ను వెంబడించిన కుక్కను విడిచి స్వర్గము నెక్కనొల్లలేదని మన పెద్దలు చెప్పుదురు. రెండు సంప్రదాయములును దయను బోధించినవి. ఇతరుల శుద్ధిని చెరుపుటను రెండును బోధింపలేదు.

పరిష్కారమేమి? న్యూయార్కు నగరమున ఉదయము తొమ్మిది గంటలకు ముందును, రాత్రి తొమ్మిది తరువాతను నియమిత పార్కులలో కుక్కలను విప్పి తిప్పుకొనవచ్చునని 2007లో నిబంధన నేర్పరచిరి. చోటును పంచుకొనలేనప్పుడు కాలమును పంచుకొనుట వివేకము. కాని యా వేళలు మనకు సరిపడవు. ఫజర్ నమాజు ముగియగానే మన వృద్ధులు నడకకు వచ్చెదరు. వేసవిలోను రంజానునెలలోను రాత్రి పొద్దుపోవువరకు కుటుంబములు తోటలలోనే యుండును. పిల్లలు బడికిపోయి, పెద్దలు పనులకు పోయిన పిదప ఉదయము పది గంటలు మొదలు పదునొకండు వరకు తోట ఖాళీగా నుండును. వేసవిలో నెండను బట్టి కొంత ముందునకు జరుపుకొనవచ్చును. ఆ గంట కుక్కలకు విడువవచ్చును. తక్కిన వేళలలో గొలుసు తప్పదు. వీలున్నచోట నొక మూల కంచెవేసి వానికి ప్రత్యేకింపవచ్చును. నగరపాలకులు 2018లో కొండాపురమున కుక్కల కొరకే యొక పార్కును తెరచిరి. పడమటి పేటలకు దొరకిన సౌకర్యము చార్మినారు దక్షిణమున నేల యుండరాదని మన ప్రతినిధులను అడుగవలయును.

దీనికి పెద్ద సభలు, తీర్మానములు నక్కరలేదు. పేటలోని పదిమంది యొక ఆదివారము తోటలోనే కూర్చుండి వేళలు నిర్ణయించుకొని, తెలుగునను ఉర్దూనను వ్రాసి ద్వారమున తగిలించిన చాలును. కుక్కల యజమానులనే యా సంఘమున ముందు పెట్టవలయును. గొలుసులేని యొక్క కుక్క చేసిన గాయమువలన పేటలోని కుక్కలన్నియు ద్వేషపాత్రము లగునని యెల్లరకంటె వారికే బాగుగా తెలియును. గొలుసు పట్టిన చేయి తన కుక్కనే కాపాడుచున్నది.

మోకాళ్లు గీసికొని పోయిన యా పిల్లవాడు మరల ముసలమ్మ చేయిపట్టుకొని తోటకు వచ్చి, గొలుసుతో కూర్చున్న కుక్కను దూరమునుండి చూచి, పిదప దగ్గరకు వచ్చి, యజమానిని అడిగి దాని తలను నిమురునాడు ఈ సమస్య తీరినదని మేము నమ్మెదము. ఆ దినము నాసన్నము చేయుట పేటలోని పెద్దల వశముననే యున్నది.