గట్టు ఎత్తు నన్నెవరూ అడగలేదు

"ఇరవై రోజులమ్మా! ఇరవై ఒకటోనాడు కొత్త వంటింట్లో పాలు పొంగించుకోండి" అన్నాడు కంట్రాక్టరు. మేం పాలు పొంగించింది నూట నాలుగో రోజున. అన్నాళ్ళూ పెరటి వరండాలో ఒంటి పొయ్యి మీద నలుగురికి వంట.

ఇది 2022 నాటి సంగతి. పాత కడప బండల గట్టు, తలుపుల్లేని గూళ్ళు తీయించి కొత్తగా చేయించుకుందామనుకున్నాం. మొత్తం ఒకరికే అప్పగిస్తే తలనొప్పి ఉండదన్నారు మావారు. 4 లక్షలకి బేరం కుదిరింది. గునపం దెబ్బ పడకముందే 2 లక్షల 80 వేలు చేతికిచ్చేశాం. రసీదు లేదు, ఒప్పందం లేదు. "బిల్లయితే పన్ను పడుతుంది, ఎందుకులెండి" అంటే లోలోపల సంతోషించాం కూడా! గట్టు పగలగొట్టాక మనిషి పత్తా లేడు. ఫోను చేస్తే "రేపు పంపిస్తానమ్మా". వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామంటే చూపించడానికి కాయితం ముక్కయినా ఉండాలి కదా. (అక్కడ 5 లక్షల లోపు చెల్లింపులకి ఫిర్యాదు రుసుము లేదనీ, గడువు రెండేళ్ళనీ, ముందుగా 1915కి ఫోన్ చేసి సలహా అడగొచ్చనీ నాకు తర్వాత తెలిసింది.)

ఎలాగో పూర్తయింది. వచ్చినవాళ్ళంతా ముచ్చటగా ఉందన్నారు. నెల తిరక్కుండానే నా కుడి భుజం లాగడం మొదలైంది. టేపు పెట్టి చూద్దునుగదా, గట్టు 36 అంగుళాలు! నేనేమో ఐదడుగుల మనిషిని. గట్టు మీద స్టవ్వు, స్టవ్వు మీద మూకుడు... కూర కలపాలంటే మోచెయ్యి భుజం దాకా లేవాల్సిందే. కొలతలు తీసుకున్నరోజు కంట్రాక్టరు మాట్లాడిందంతా మావారితోనే. నేను టీలిచ్చి లోపలికొచ్చేశాను. వండేది ఎవరో అతను అడగలేదు, నేనూ చెప్పలేదు.

వానాకాలం వెళ్ళేసరికి సింకు కింద చెక్క అప్పడంలా ఉబ్బింది. వాటర్‌ప్రూఫ్ అని చెప్పి మామూలు కమర్షియల్ ప్లైవుడ్ వేశాడు. పలక మీద ముద్ర ఉంటుందనే నాకు అప్పటిదాకా తెలీదు. ఐయస్ 303 అని ఉంటే దాని పక్కన ఎమ్మార్ అనా, బీడబ్ల్యూఆర్ అనా చూడాలి. ఎమ్మార్ అంటే తేమని కొంతవరకే తట్టుకునేది. నీళ్ళు తగిలేచోట ఐయస్ 710 ముద్ర ఉన్నదే మేలు. కోసేశాక ముద్ర కనబడదు కాబట్టి సరుకు లారీ దిగినప్పుడే చూసుకోవాలి.

రెండేళ్ళు ఓర్చుకుని, 2024లో మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఫోటోలు చూసి మురిసిపోలేదు. "మీరు రెండేళ్ళ క్రితం చేసిన ఇల్లు చూపించండి" అన్నాను. ఇద్దరు మళ్ళీ ఫోనెత్తలేదు. మూడో ఆయన, ఒక పెద్దవయసు వడ్రంగి, తీసుకెళ్ళి చూపించాడు. ఆ ఇంటావిడ మొహమాటపడుతున్నా సింకు కింది తలుపు తీసి చెయ్యి పెట్టి తడిమాను. పొడిగా ఉంది. బేరం అక్కడే సగం కుదిరింది.

మా ఇంటికొచ్చి ఆయన చేసిన మొదటి పని, నన్ను నిలబడి మోచేతులు వంచమనడం. నేలనుంచి మోచేతికి 37 అంగుళాలొచ్చింది. అందులోంచి నాలుగైదు అంగుళాలు తగ్గించి కూరలు తరిగే గట్టు, స్టవ్వు పెట్టేచోట ఇంకో మూడు తగ్గించి రెండో మెట్టు. ఇంత చిన్న లెక్కకి రెండేళ్ళు భుజం నొప్పి పడ్డాను!

డబ్బు నాలుగు విడతలుగా ఇస్తామని కాయితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. ప్లంబరు, ఎలక్ట్రీషియను గోడలు కొట్టుకున్నాకే టైల్సు, గ్రానైటు. అవి పడ్డాకే చెక్కపనికి తుది కొలతలు. ఆఖరి పది శాతం, సొరుగులన్నీ నెల్లాళ్ళు తీసి మూశాక. ఆయనేం నొచ్చుకోలేదు. సింకునిండా నీళ్ళు పట్టి, ఒక్కసారిగా వదిలి, కింద పాత పేపరు పరిచి తానే చూపించాడు. మొదటిసారి పేపరు ఓ మూల తడిసింది. ప్లంబరుని పిలిపించి బిగింపించాకే మూడో విడత తీసుకున్నాడు.

మా అత్తయ్య నాకన్నా నాలుగంగుళాలు పొట్టి, మోకాళ్ళ నొప్పులు. ఆవిడకోసం కిటికీ పక్కన 28 అంగుళాల ఎత్తులో చిన్న గట్టు, కింద కాళ్ళు చాపుకోడానికి ఖాళీ. బీరకాయలు చెక్కుతూ వీధిలో ఎవరెవరు వెళ్తున్నారో అక్కణ్ణుంచే చెబుతుంటారు.

అన్నీ కుదిరాయని కాదు. గ్రైండరు ప్లగ్గు మాత్రం ఈసారీ మర్చిపోయాం. హాల్లోంచి వైరు లాగి రుబ్బుతున్నాను.