బొమ్మ పెద్దదైంది, మాట చిన్నదైంది! - ఉన్నంతలో హోమ్ థియేటర్

"గోడంత టీవీ కొన్నాం. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. మాటలే సరిగ్గా అర్థం కావడం లేదు!"

ఈమధ్య చాలా ఇళ్ళల్లో ఇదే ఫిర్యాదు. హీరో గుసగుసగా ఏదో అంటాడు, వినిపించదు. సౌండు పెంచుతాం. అంతలో ఫైటు మొదలవుతుంది, ఇల్లు దద్దరిల్లిపోతుంది. గబగబా తగ్గిస్తాం. సినిమా అయ్యేదాకా రిమోట్ చేతిలో పట్టుకుని కూర్చోవడమే సరిపోతుంది. అత్తగారో మామగారో అయితే రెండుసార్లు "ఏమన్నాడూ?" అని అడుగుతారు. మూడోసారి అడగడానికి మొహమాటపడి, మెల్లగా లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోతారు.

పాపం, తప్పు వాళ్ళ చెవులదే కాదు. పాత డబ్బా టీవీలు లోతుగా ఉండేవి. స్పీకర్లు చాలావాటిలో మన వైపు తిరిగి ఉండేవి. ఇప్పటి పల్చటి టీవీల్లో చోటేదీ? చిన్న చిన్న స్పీకర్లను కిందికో వెనక్కో తిప్పి బిగిస్తున్నారు. శబ్దం గోడకో బల్లకో తగిలి, అరిగిపోయి మన దగ్గరికి వస్తోంది.

ఇదిగో, అప్పుడే ఇంట్లో హోమ్ థియేటర్ మాట మొదలవుతుంది. శ్రీవారు, పిల్లలు కలిసి షాపుకి వెళితే వాళ్ళ చూపంతా వాట్ల మీద, దడదడలాడించే బేస్ మీద ఉంటుంది. పోయేది మాత్రం చీటీ పాడిన డబ్బు! అంచేత ఇల్లాలికి కూడా నాలుగు విషయాలు తెలిసి ఉండడం మంచిది. ముఖ్యమైనది ఒక్కటే - మాట స్పష్టంగా వినిపించడం. ఆ తర్వాతే హంగులన్నీ.

అసలు ఇందులో ఏముంటాయి?

సినిమా శబ్దమంతా ఒకే తీగలో కలిసి వస్తుంది. వంటంతా ఒకే గదిలో అయినా ఎవరి విస్తట్లో ఏది వడ్డించాలో చూసేవాళ్ళు ఒకరుండాలి కదా. ఆ వడ్డన చేసేదే రిసీవరు. మాటలు మధ్యకు, పాట కుడి ఎడమలకు, వానచప్పుడు వెనక్కు పంపుతుంది. స్పీకర్లు మోగడానికి కావలసిన బలం ఇచ్చేది కూడా అదే.

షాపులో 5.1 అంటారు. అయిదు స్పీకర్లు, ఒక సబ్ వూఫరు అన్నమాట. ముందు మూడు - ఎడమ, మధ్య, కుడి. మన పక్కలకో కాస్త వెనక్కో రెండు. ఆ ".1" అనేది డప్పు, ఉరుము, పేలుడు లాంటి లోతైన శబ్దాల కోసం. హాళ్ళలో ఈ తరహా డిజిటల్ శబ్దం 1992, 1993 ప్రాంతాల్లో మొదలైంది. డి.టి.ఎస్. పద్ధతిలో వచ్చిన మొదటి సినిమా 1993 నాటి జురాసిక్ పార్క్.

ఈ అయిదింట్లో పెద్దపీట మధ్య స్పీకరుదే. సినిమాలో మాటల్లో ఎక్కువ భాగం దాని నుంచే వస్తాయి. చాలామంది దీన్ని చిన్నచూపు చూసి, ఆ డబ్బు సబ్ వూఫరు మీద పెడతారు. ఇల్లు అదురుతుంది, మాట మాత్రం అర్థం కాదు!

వాట్ల మాయ

డబ్బా మీద "వేల వాట్లు" అని కనబడితే మోసపోకండి. పి.ఎం.పి.ఓ. అని రాసే అంకెకు ఒక పద్ధతీ పాడూ లేదు. ఎవరికి తోచింది వాళ్ళు వేసుకోవచ్చు. ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్నని అడగండి. అక్కడితో ఆగకుండా "ఎన్ని స్పీకర్లు ఒకేసారి మోగుతున్నప్పుడు? ఎన్ని ఓంల దగ్గర?" అని కూడా అడగండి. ఒక్క స్పీకరును మాత్రమే మోగించి కొలిచిన అంకె ఎప్పుడూ గొప్పగానే ఉంటుంది.

ఇంకో సంగతి. 50 వాట్ల బదులు 100 వాట్లు పెడితే మోత రెట్టింపు కాదు. పెరిగేది 3 డెసిబెల్స్. అంటే కాస్త ఎక్కువైందని తెలుస్తుంది, అంతే. మామూలు హాల్లో మామూలుగా వినేటప్పుడు ఒక్కో స్పీకరుకు ఖర్చయ్యేది కొద్ది వాట్లే.

వాట్ల కంటే స్పీకరు "సెన్సిటివిటీ" చూడటం మేలు. 86 డెసిబెల్స్ అని ఉన్న స్పీకరు కంటే 89 అని ఉన్నది సగం కరెంటు బలంతోనే అంత మోతా ఇస్తుంది. ఓంల సంగతికొస్తే 8 గానీ 6 గానీ ఉన్నవి తీసుకుంటే చిన్న రిసీవరు మీద బరువు పడదు.

పదహారణాల లెక్క

ధరలు నెలనెలా మారుతుంటాయి కాబట్టి రూపాయల్లో చెప్పి లాభం లేదు. మీ దగ్గరున్న మొత్తాన్ని పదహారణాలు అనుకోండి. పంపకం సుమారుగా ఇలా ఉంటే బాగుంటుంది:

ముందు మూడు స్పీకర్లకు ఆరణాలు.
రిసీవరుకు అయిదణాలు.
సబ్ వూఫరుకు మూడణాలు.
వెనక రెండింటికి అణాన్నర.
వైర్లు, స్టాండ్లకు అర్ధణా.

స్పీకర్లకు ఎక్కువ ఎందుకంటే, మంచి స్పీకరు ఇరవయ్యేళ్ళయినా పాతబడదు. రిసీవరు అలా కాదు. కొత్త పద్ధతులు వచ్చినప్పుడల్లా అది వెనకబడుతుంది.

అంత డబ్బు ఒకేసారి లేదా? మరీ మంచిది, విడతలుగా కొనుక్కోండి. మొదట రిసీవరు, ముందు రెండు స్పీకర్లు. రెండో విడతలో వాటి జాతిదే, అదే కంపెనీ అదే వరసలోది, మధ్య స్పీకరు. జాతి కలిస్తేనే మనిషి ఎడమ నుంచి కుడికి నడుస్తూ మాట్లాడినా గొంతు మారదు. తర్వాత సబ్ వూఫరు, చివరికి వెనకవి. మధ్య స్పీకరు కొనేదాకా "సెంటర్ లేదు" అని రిసీవరు సెట్టింగుల్లో చెప్పడం మర్చిపోవద్దు. అప్పుడు మాటలను రెండు పక్కలకూ పంచుతుంది. చెప్పకపోతే ఆ మాటలు ఎటూ రాకుండా పోతాయి.

వెనక స్పీకర్లు ఆలస్యమైతే కొంపేమీ మునగదు. మనం రోజూ చూసే సీరియళ్ళు, వార్తలు ఎక్కువగా రెండు స్పీకర్ల శబ్దంతోనే వస్తాయి. పాత సినిమాలైతే ఒక్క దారి శబ్దమే. 1957 నాటి మాయాబజార్ అలా వచ్చిందే. 2010లో రంగుల్లో విడుదల చేసినప్పుడు దాని శబ్దాన్ని డి.టి.ఎస్. పద్ధతిలోకి మార్చారు.

రిసీవరులో ఏం చూడాలి?

టీవీ వెనక హెచ్.డి.ఎం.ఐ. రంధ్రాల్లో ఒకదాని పక్కన ఎ.ఆర్.సి. లేక ఇ.ఎ.ఆర్.సి. అని ఉందేమో చూసుకోండి. రిసీవరుకు కూడా అది ఉంటే ఒక్క తీగతో పని అయిపోతుంది. సెట్ టాప్ బాక్సు, ఓ.టి.టి. అన్నీ టీవీకే తగిలించుకుని, శబ్దం మాత్రం రిసీవరుకు పంపుకోవచ్చు. బొమ్మ రిసీవరు గుండా పోదు కనుక "4కె, 8కె" అంటూ ఖరీదైన మోడల్ అంటగట్టినా తీసుకోనక్కర్లేదు. తొమ్మిది, పదకొండు స్పీకర్ల మోడల్ కూడా మనకెందుకు? పెట్టుకోవడానికి చోటుండాలిగా!

తెలిసినవాళ్ళ దగ్గర పాత రిసీవరు చవగ్గా దొరికి, అందులో ఎ.ఆర్.సి. లేకపోయినా ఫరవాలేదు. టీవీకి ఆప్టికల్ అవుట్ ఉంటే ఆ తీగ 5.1 డాల్బీ శబ్దాన్ని మోస్తుంది. పాత స్పీకర్లు కొనేటప్పుడు మాత్రం ముందు జాలీ తీయించి, కోను చుట్టూ ఉన్న అంచు చూడండి. ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే వద్దనేయండి.

అన్నీ ఒకే డబ్బాలో వచ్చే సెట్లు చవకే. కానీ వాటిలో చాలావాటి వైర్ల కొసలు ఆ సెట్టుకే సరిపోతాయి. ఒక్కటి పాడైతే మొత్తం మూలన పడుతుంది. విడివిడిగా కొంటే ఏది పోతే అది మార్చుకోవచ్చు.

అమెరికా నుంచి అబ్బాయి తెస్తున్నాడా?

అక్కడ చవగ్గా వస్తుందని అమ్మాయో అబ్బాయో రిసీవరు మోసుకొస్తుంటారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా ప్లగ్ పెడితే కాలిపోతుంది! బరువైన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనాలి, వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. కరెంటు ప్లగ్ లేని మామూలు స్పీకర్లకు ఈ ఇబ్బంది లేదు, ఎక్కడివైనా పనిచేస్తాయి. సబ్ వూఫరుకు మాత్రం ప్లగ్ ఉంటుంది. దాని వెనక వోల్టేజీ చూడకుండా పెట్టవద్దు.

మన హాలు సంగతి

ఎంత మంచి స్పీకరైనా మన హాలు సహకరించకపోతే దండగే. నున్నటి టైల్సు, బోసి గోడలు, అద్దాల తలుపులు - శబ్దం వీటికి తగిలి తిరిగొచ్చి మాటను అలికేస్తుంది. హాలు మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. టంగుమని మోగిందా? అయితే స్పీకర్ల కంటే ముందు సోఫాకీ టీవీకీ మధ్య ఏదైనా పరవండి. వరంగల్ జంపఖానా, ఏలూరు తివాచీ, ఇంట్లో ఉన్న మందపాటి బొంత - ఏదైనా సరే. కిటికీలకు మందపాటి పరదాలు, గోడకు పుస్తకాల బీరువా ఉంటే ఇంకా మంచిది. ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ.

మధ్య స్పీకరును షోకేసు అరలోకి నెట్టేయకండి. అర అంచు దాకా ముందుకు లాగండి. టీవీ కింద పెడితే కింద చిన్న చెక్క ముక్క వేసి మొహం మన చెవుల వైపు కాస్త ఎత్తండి. పక్క స్పీకర్లు మనం కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి.

రిసీవరు వేడెక్కే వస్తువు. దుమ్ము పడుతుందని దాని మీద లేసు గుడ్డ కప్పకండి, పైన పూలకుండీ పెట్టకండి. పైనా పక్కలా గాలి ఆడాలి. తలుపులున్న బీరువాలో మూసి పెట్టడం అసలే వద్దు. దుమ్ము దులిపేటప్పుడు ప్లగ్ తీసి పొడిగుడ్డతో తుడవండి.

వైర్ల పేరుతో వేలకు వేలు గుంజేవాళ్ళుంటారు. మామూలు ఎలక్ట్రికల్ షాపులో దొరికే రాగి వైరు, 1.5 స్క్వేర్ ఎం.ఎం. సన్నపోగులది, మన హాలుకు చాలు. లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉన్నది వద్దు. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే కలపాలి. ఒక్కదానికి తారుమారైనా బేస్ పల్చబడిపోతుంది.

ఇంటికి తెచ్చాక

చాలా రిసీవర్లతో చిన్న మైకు ఇస్తారు. మనం కూర్చునే చోట చెవి ఎత్తులో పెడితే అదే గదిని కొలుచుకుని సర్దుకుంటుంది. ఆ అయిదు నిమిషాలూ ఫ్యాను ఆపండి, మాట్లాడకండి. కుక్కరు విజిల్ వేసే సమయం అంతకన్నా వద్దు!

తర్వాత టీవీ సౌండ్ సెట్టింగు "స్టీరియో" లేదా "పి.సి.ఎం." అని ఉంటే "ఆటో" లేదా "బిట్‌స్ట్రీమ్"కి మార్చండి. లేకపోతే అయిదు స్పీకర్లు కొని రెండే వింటున్నట్టు. అప్పటికీ మాట తక్కువనిపిస్తే సెంటర్ లెవెల్ ఒకటి రెండు మెట్లు పెంచండి.

అన్నిటికన్నా పనికొచ్చేది "నైట్ మోడ్". కొన్నిట్లో దీన్ని "డైనమిక్ రేంజ్" అంటారు. పెట్టారంటే పెద్ద చప్పుళ్ళు తగ్గుతాయి, చిన్న మాటలు పైకొస్తాయి. పిల్లలు పడుకున్నాక సినిమా చూడాలంటే ఇదే దారి. ఇరుగుపొరుగు కూడా సంతోషిస్తారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు సబ్ వూఫరు కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే కింది ఇంటివాళ్ళకు అదురు కొంత తగ్గుతుంది.

అద్దె ఇల్లు, చిన్న గది అయితే ఇంత హంగామా అక్కర్లేదు. మాటల కోసం విడిగా సెంటర్ ఛానెల్ ఉన్న సౌండ్ బార్ (3.1 అని రాసి ఉంటుంది) చాలు. గోడలకు మేకులు కొట్టే పని, ఓనరు గారి చేత మాట పడే పని రెండూ ఉండవు.

షాపుకి వెళ్ళేటప్పుడు గుర్తుంచుకోండి

1. హాలు పొడవు, వెడల్పు, టీవీ బల్ల అర కొలతలు కాగితం మీద రాసుకు వెళ్ళండి.

2. షాపువాళ్ళు వేసే పేలుళ్ళ సినిమా వద్దనండి. మీకు బాగా తెలిసిన తెలుగు సినిమాలో మాటలున్న సీను, ఒక ఘంటసాల పాట వేయించండి.

3. సబ్ వూఫరు ఆపించి ఒకసారి వినండి. అప్పుడే స్పీకర్ల అసలు రంగు బయటపడుతుంది.

4. రెండింటిని పోల్చేటప్పుడు మోత సమానంగా ఉంచమనండి. గట్టిగా మోగేదే మంచిదనిపించడం చెవి చేసే మోసం.

5. కళ్ళు మూసుకుని వినండి. మెరుపులు, లైట్లు ధర పెంచుతాయి గానీ మాట పెంచవు.

6. బిల్లు, మన దేశంలో చెల్లే వారంటీ కార్డు, మీ ఊళ్ళో సర్వీసు - మూడూ ఉంటేనే డబ్బు కట్టండి.

7. వీలుంటే ఇంట్లో పెద్దవాళ్ళను వెంట తీసుకువెళ్ళండి. వాళ్ళకు మాట అర్థమైతే ఇంట్లో అందరికీ అర్థమైనట్టే.

ఆ ఏడో మాట మాత్రం మరవకండి. పైసా పైసా కూడబెట్టి కొంటున్నది ఇల్లు అదరడానికి కాదు కదా, ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చుని చూడటానికి!