శుభం లేని చిత్రము

హైదరాబాదునందలి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతములు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయములు. రామానాయుడు స్టూడియో, తెలుగు ఫిలిం ఛాంబరు ఇచ్చటనే యున్నవి. తెలుగు చిత్రమెంత దీర్ఘమైనను నడుమ విశ్రాంతి కలదు. పూర్వపు చిత్రములలో కడపట "శుభం" అను అక్షరములు తెరపై కనబడగానే ప్రేక్షకులు లేచి ఇండ్లకు మరలెడివారు. చేతిలోని ఫోనునందు విశ్రాంతియు లేదు, శుభమును లేదు. దాని వ్యసనమునకు ముఖ్యకారణ మిదియే యని మా అభిప్రాయము.

ఇది యాదృచ్ఛికముగా ఏర్పడిన లోపము కాదు. వ్రేలితో జరుపుకొలది పుట అంతము లేక సాగిపోవు పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అను అమెరికా నిపుణుడు రూపొందించెను. దానివలన జరిగిన హానికి తరువాత ఆయనయే విచారము వెలిబుచ్చెను. గింజ యెప్పుడు పడునో తెలియనప్పుడు పావురము విసుగు లేక బిళ్ళను పొడుచుచుండునని మనశ్శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ పూర్వమే నిరూపించెను. ఫోనును మాటిమాటికి తెరచి చూచువారి స్థితియు నట్టిదే. ఒకమారు మెప్పు లభించును, పలుమారు లేమియు లభింపదు. అందుచేతనే మరల చూడబుద్ధి యగును.

నేడు క్రొత్త చిత్రపు టీజరు వెలువడగానే ఎందరు చూచిరను లెక్కలు ప్రచారమగుచున్నవి. ఆ లెక్క పెంచుటకును, ఇతర నటుల అభిమానులతో వాదులాడుటకును రాత్రులు మేల్కొను బాలురు కలరు. వారు అభిమానించు నటుడు మాత్రము ఉదయపు చిత్రీకరణకై ఎప్పుడో నిద్రించి యుండవచ్చును!

ఎక్కువసేపు చూచుటయే వ్యసనము కాదు. నిద్ర, చదువు, పని చెడుచున్నను మానలేకపోవుట వ్యసన లక్షణము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో వీడియో ఆటల వ్యసనమును చేర్చినది. ఇట్టి బాధితులకై బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 2014లో ప్రత్యేక చికిత్సాలయమును నెలకొల్పినది.

ఫోను చెప్పని శుభమును మనమే చెప్పుకొనవలెను. భోజనవేళ ఇంటిల్లిపాది ఫోనులును ఒక బల్లపై నుంచుడు. పిలుపులు తప్ప తక్కిన నోటిఫికేషన్లు మ్రోగకుండ చేయుడు. ఒక వీడియో ముగియగానే మరియొకటి తనంత తాను మొదలగు ఏర్పాటును ఆపివేయుడు. రాత్రివేళ ఫోనును పడకగది వెలుపల నుంచి, మేలుకొలుపునకు గడియారము వాడుడు. ఈ నియమములు ముందుగా తలిదండ్రులు పాటించినగాని పిల్లలు పాటింపరు.

పిల్లవాని చేతినుండి ఫోను లాగికొన్నంత మాత్రమున చాలదు. ఆ సమయమునకు వేరొక వ్యాపకము కావలెను. జూబ్లీహిల్స్ వాసులకు కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానము చేరువలోనే యున్నది. వారితో కలసి యచ్చట నడచుట మంచి ఆరంభము. ఇన్ని చేసినను అలవాటు లొంగనిచో దండింపక, టెలిమానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందుడు. ఫోనునకు అంతకన్న మంచి ఉపయోగము లేదు.