అత్యవసరపు గాలి సిలిండరుతో విమానయానము

మన హైదరాబాదునకు సముద్రము లేదు. అయినను ఆబిడ్సు, నాంపల్లి ప్రాంతముల యువకులు కొందఱు సెలవులలో విశాఖపట్టణపు ఋషికొండకును, అండమాను దీవులకును పోయి, స్కూబా పరికరములు ధరించి సముద్రగర్భమును చూచి వచ్చుచున్నారు. అట్టివారి సామానులో నుండు నొక చిన్న వస్తువు శంషాబాదు విమానాశ్రయమున ప్రశ్నలకు కారణమగును. అదియే అత్యవసరపు గాలి సిలిండరు. దాని నేల ఆపుదురో మా చదువరులకు విశదపఱచుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వీపున మోయు పెద్ద సిలిండరునుండి గాలి హఠాత్తుగా అందకపోయినచో, నీటిపైకి చేరువఱకు ఊపిరి నిలుపుట దీని పని. సముద్రముమీద ఎగురు హెలికాప్టర్ల సిబ్బందికిని ఇట్టిదానినే యిత్తురు. అర లీటరు నీరైనను పట్టని యీ లోహపాత్రలో సుమారు 80 లీటర్ల గాలిని, వాతావరణపు ఒత్తిడికి 200 రెట్ల ఒత్తిడితో కుదించి నింపుదురు. శ్వాసకు లీటరున్నర చొప్పున గణించిన నేలమీద ఏబదికి పైగా శ్వాసలు వచ్చును. 30 మీటర్ల లోతున ఒత్తిడి నాలుగింతలగును గాన, అవి పండ్రెండో పదుమూడో యగును. ప్రాణముతో పైకి వచ్చుటకు చాలవచ్చును. చేపలను చూచుచు తిరుగుటకు చాలవు.

నాంపల్లి నుమాయిష్‌లో పిల్లవాని చేతినుండి జాఱిన బెలూను పైపైకి పోయి, ఉబ్బి, పగిలిపోవును. సిలిండరును ఆకాశమున అట్లే పగులునని పలువురు తలతురు. లెక్క వేసి చూచిన నిది నిజము కాదు. నేలమీద సిలిండరు లోపలి ఒత్తిడి 200, వెలుపలిది 1, భేదము 199. విమానములో వెలుపలి ఒత్తిడి ముప్పాతికకు తగ్గినను భేదము 199.25 మాత్రమే. వెలుపల కేవలము శూన్యమే యున్నదనుకొన్నను 200కు మించదు. దృఢమైన లోహమునకు ఇది లెక్కలోనిది కాదు.

మఱి భయమెక్కడ? నిప్పునందు. 27 డిగ్రీల సెంటీగ్రేడున నున్న సిలిండరు 327 డిగ్రీలకు కాగినచో లోపలి ఒత్తిడి రెట్టింపగును. అదే సమయమున అల్యూమినియము బలము కోల్పోవును. వాల్వు విఱిగినచో సిలిండరు తారాజువ్వవలె దూసికొనిపోవును. 2008 జూలై 25వ తేదీన హాంకాంగునుండి మెల్బోర్నునకు పోవుచున్న క్వాంటాస్ విమానమున, ప్రయాణికుల రక్షణకై యుంచిన ఆక్సిజను సిలిండరే పగిలి విమానపు ప్రక్కను పెద్ద రంధ్రము చేసెను. విమానము మనీలాలో దిగెను. దైవవశమున ఎవరికిని గాయము కాలేదు.

అంతకు పండ్రెండేండ్లకు ముందు, 1996 మే 11వ తేదీన, మయామీనుండి అట్లాంటాకు బయలుదేఱిన వాల్యూజెట్ విమానమున నున్నవారికి అట్టి భాగ్యము కలుగలేదు. దాని సామానుగదిలో, ఇతర విమానములనుండి ఊడదీసిన ఆక్సిజను ఉత్పాదక డబ్బాలుండెను. అవియు అత్యవసరమున ఊపిరి నిచ్చుటకై చేయబడినవే. వానిలో రసాయనము మిగిలియుండెను. రక్షణ మూతలు లేకుండెను. సరకు కాగితముమీద మాత్రము ‘ఖాళీ’ యని వ్రాయబడియుండెను. అవి రాజుకొని విమానము కూలి, అందున్న 110 మందియు మరణించిరి.

మా సిలిండరులో నున్నది వట్టి గాలియే కదా యని ఈతగాడు వాదింపవచ్చును. నిజమే. కాని మూసియున్న లోహపు డబ్బా నిండినదో ఖాళీదో, లోపలనున్నది గాలియో మఱొకటియో, తనిఖీ చేయు ఉద్యోగి పైనుండి చూచి చెప్పజాలడు. ప్రయాణికుని మాట తప్ప ఆతనికి వేఱు ఆధారము లేదు. ఆతని నిందించుట న్యాయము కాదని మా యభిప్రాయము.

కాబట్టి నిండిన సిలిండరు చేతిసంచిలోను, అప్పగించు సామానులోను గూడ నిషిద్ధము. అమెరికాలో వాల్వును పూర్తిగా ఊడదీసి, లోపలిభాగము కంటికి కనబడునట్లుంచిననే అనుమతింతురు. మనవారును బయలుదేఱుటకు ముందే విమానసంస్థవారి యనుమతిని వ్రాతమూలముగా పొందుట మేలు. గాలినంతయు మెల్లగా విడిచిన పిమ్మటనే వాల్వును విప్పవలెను; ఒత్తిడి యుండగా విప్పినవానికి ప్రాణాపాయము కలుగును. ఈ పని తెలిసినవారిచేత చేయించుటయే యుక్తము. తెఱచిన మూతిలో తేమయు దుమ్మును చేరకుండ జాగ్రత్తపడి, గమ్యము చేరిన తరువాత పరీక్షింపించి నింపించుకొనవలెను. ఇంత శ్రమ యేల యనుకొనువారు అక్కడనే అద్దెకు తీసికొనవచ్చును.

సిలిండరును గడియలో ఖాళీ చేయవచ్చును గాని శరీరమును అట్లు చేయలేము. లోతున పీల్చిన గాలిలోని నత్రజని రక్తమాంసములలో కరగియుండి, ఒత్తిడి తగ్గగనే బుడగలై బాధించును. అందుచే ఒక్కసారి మునిగినవారు 12 గంటలైనను, పలుమార్లు మునిగినవారు 18 గంటలైనను ఆగి విమానమెక్కవలెనని వైద్యులు చెప్పుదురు. ఈతగాండ్రు క్రమముగా పైకి వచ్చుటకు 1908లో పట్టికలను ప్రకటించినవాడు జాన్ స్కాట్ హాల్డేను. ఆయన కుమారుడు జె. బి. యస్. హాల్డేను, 1939లో థీటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయిన పిమ్మట, పీడనపు గదులలో తన దేహముమీదనే పరీక్షలు జరిపెను. తరువాత భారతదేశమున స్థిరపడి 1964లో భువనేశ్వరమున మరణించెను. ఆయన కోరిన ప్రకారము ఆ దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేర్చిరి.

మన నగరము సముద్రమట్టమునకు 500 మీటర్లకు కొంచెము పైన నున్నది. విమానపు గదిలోని ఒత్తిడి యన్ననో, 2,400 మీటర్ల కొండమీది ఒత్తిడికి దిగవచ్చును. కావున తొందరపడి తిరుగు ప్రయాణము చేయువారికి విశాఖనుండి నాంపల్లి స్టేషనునకు వచ్చు రైలు శరీరమునకు మేలు. నిండిన సిలిండరు మాత్రము రైలులోను నిషిద్ధమే.