స్టీరింగ్ ఆంటీ చేతిలో

పోయిన అక్టోబర్లో ఒక శనివారం నేను 28 అడుగుల ఇంట్లో కూర్చుని ప్లేనో నుంచి టెక్సోమా సరస్సుకి వెళ్ళాను. ఇల్లు నడిపింది ఆంటీ. ఆవిడకి 67 ఏళ్ళు. అంత పెద్ద బండితో హైవే ఎక్కడం ఆవిడకి అదే మొదటిసారి.

ఆంటీ అంటే చుట్టం కాదు. మా పాపకి తెలుగు బడిలో అక్షరాలు దిద్దించిన టీచరు. అంకుల్ సివిల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఇలాగే కానిస్తాను. అయిదేళ్ళ క్రితం ఇద్దరూ ఇల్లమ్మేసి మోటార్‌హోమ్ కొనుక్కున్నారు. అప్పట్నుంచీ అందులోనే కాపురం. ఈ సంగతి ఫోన్లో చెబితే మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయ్యో పాపం, పిల్లలు చూడట్లేదా?" అంది. పిల్లలు బాగానే చూస్తారమ్మా, ఒకరు కాలిఫోర్నియాలో, ఒకరు న్యూజెర్సీలో ఉంటే వీళ్ళే బండేసుకుని ఇద్దరి దగ్గరకీ వెళ్ళొస్తుంటారు అని చెప్పినా ఆవిడకి నమ్మకం కుదర్లేదు.

బండి ఫోర్డ్ ఈ-450 మీద కట్టింది. డ్రైవర్ నెత్తిమీద అటకలా ముందుకు పొడుచుకొచ్చిన పడక, వెనకాల వంటగట్టు, మంచం, బాత్రూమ్. గాలన్‌కి తొమ్మిది మైళ్ళిస్తే గొప్ప. టెక్సాస్‌లో 26,000 పౌండ్లు దాటిన బండికే వేరే లైసెన్సు కావాలి. దీని బరువు నిండా సర్దినా 14,500 దాటకూడదు. అంటే నేను కారు నడిపే లైసెన్సుతోనే దీన్నీ నడపొచ్చు. ఆ మాట విన్నప్పట్నుంచీ హైవే మీద ఇలాంటి బండి కనిపిస్తే నేను కొంచెం దూరంగానే ఉంటున్నాను.

ఇన్నాళ్ళూ నడిపింది అంకులే. మొన్న వేసవిలో ఒకరోజు రోడ్డు మీద తెల్లగీత వంకరగా కనిపించిందట. "ఈ కాంట్రాక్టరెవడో గాని గీత కూడా తిన్నగా వెయ్యలేదు" అన్నారట ఆంటీతో. ఆంటీకి గీత తిన్నగానే కనిపించింది. డాక్టరు చూసి మాక్యులర్ డీజెనరేషన్ అన్నాడు. కంటిరెటీనాలో సరిగ్గా మధ్యభాగం దెబ్బతినే జబ్బు. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నదే కనిపించదు. ఆరు వారాలకోసారి కంట్లో ఇంజెక్షన్. అది ఉన్న చూపుని నిలబెట్టడానికే. డ్రైవింగ్ మాత్రం ఆ రోజుతో బంద్.

పిల్లలిద్దరూ బండి అమ్మేయమన్నారు. ఆంటీ ఒక డ్రైవింగ్ స్కూలాయన్ని పట్టుకుని, ఖాళీ పార్కింగ్ లాట్లో రెండు వారాలు నేర్చుకున్నారు. ఆ తర్వాత నాకు ఫోన్ చేసి, "శనివారం ఖాళీయేనా? ఊరికే వెనకాల కూర్చో చాలు" అన్నారు. నేను కూర్చుని చేసేదేమిటో నాకర్థం కాలేదు. బయల్దేరాక అర్థమయింది. ఆవిడకి కావాల్సింది డ్రైవింగ్‌లో సాయం కాదు, అంకుల్‌తో మాట్లాడుతూ ఉండే మనిషి.

ప్రయాణం రోజు వంట ఉండదు. తెల్లవారుజామునే పులిహోర కలిపి స్టీల్ డబ్బాలో పెట్టేశారు. ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఒక కాగితం పట్టుకుని ఇద్దరూ బండి చుట్టూ తిరిగారు. ఇన్నాళ్ళూ అంకుల్ చదివితే ఆంటీ చూసేవారట. ఇప్పుడు ఆంటీ చదువుతుంటే అంకుల్ చేత్తో తడిమి చెబుతున్నారు. గ్యాస్ మూశామా. మూశాం. ఫ్రిజ్ గొళ్ళెం. పడింది. కరెంటు తీగ, నీళ్ళ పైపు, మెట్టు. డాష్‌బోర్డు మీద ఆంటీ గుండ్రటి చేతిరాతతో ఒక చీటీ: "ఎత్తు 11 అడుగుల 3 అంగుళాలు. మర్చిపోయి డ్రైవ్‌త్రూలో దూరకు."

నా భార్య, పాప మా కారులో వెనకాల. హైవే 75 మీద కుడి లేను వదలకుండా, 55కి మించకుండా ఉత్తరంగా పోయాం. అంకుల్ పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను ఏవేవో అడుగుతున్నాను, ఆయన ఊఁ కొడుతున్నారు. ఎప్పుడు ముందు బండి బ్రేకు లైట్లు వెలిగినా ఆయన కుడికాలు కార్పెట్‌ని గట్టిగా తొక్కుతోంది. లైట్లు ఆయనకెలా తెలుస్తున్నాయో గాని తొక్కడం మాత్రం మానలేదు. షెర్మన్ దాటేసరికి ఆంటీకి విసుగొచ్చింది. "ఏమండీ, మీ వైపు బ్రేకు లేదు. అది చాప." అంకుల్ నవ్వలేదు. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

డెనిసన్ దగ్గర హైవే దిగి 91 మీదకి తిరిగాం. ఆ రోడ్డు డ్యాం మీదుగా ఓక్లహోమాలోకి పోతుంది. కుడిపక్క కిందెక్కడో రెడ్ రివర్, ఎడమపక్క కంటికి ఆనినంత మేర నీళ్ళు. అంకుల్ అద్దం దించి, తల ఓ పక్కకి వంచి చూస్తూ, "నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయయ్యా?" అని నన్నడిగారు. రాళ్ళు ఎన్ని వరసలు పైకి కనిపిస్తున్నాయో లెక్కపెట్టి చెప్పాను. అంతే, ఆయనకి మాట వచ్చేసింది. ఈ డ్యాం 1944లో పూర్తయింది, మట్టిని పొరలుగా పోసి రోలర్లతో తొక్కించి కట్టినవాటిలో అప్పటికి ప్రపంచంలో ఇదే పెద్దది అన్నారు. వాళ్ళ నాన్నగారు నాగార్జునసాగర్ పనిలో ఉండేవారట. ఈయన బాల్యమంతా హిల్ కాలనీలోనే. అది రాతి కట్టడం, ఇది మట్టి కట్టడం, రెంటికీ తేడా ఏమిటో ఓక్లహోమా వచ్చేదాకా చెప్పారు. ఆంటీ అద్దంలోంచి నాకేసి చూసి కనుబొమలెగరేశారు. నన్ను తెచ్చిన పని అయిందన్నమాట.

క్యాంప్‌గ్రౌండ్ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌ది. ఇలాంటి డ్యాంలు కట్టినవాళ్ళే ఒడ్డున క్యాంపులూ నడుపుతారు. 62 నిండిన పౌరులకీ, గ్రీన్‌కార్డున్నవాళ్ళకీ 80 డాలర్లకి జీవితకాలపు పాస్ ఇస్తారు. అది చూపిస్తే ఇక్కడ రాత్రి అద్దె సగమే. వీళ్ళు ఎక్కువగా ఇలాంటి చోట్లే ఆగడానికి కారణం అదే.

అసలు పరీక్ష అక్కడ మొదలయింది. బండిని చెట్ల మధ్య సందులోకి వెనక్కి పెట్టాలి. ఇలాంటి బండ్లకి వెనక చక్రాల తర్వాత కూడా బోలెడంత ఒళ్ళుంటుంది. ముందు ఒకవైపు తిప్పితే వెనక తోక రెండోవైపు ఊగుతుంది. నేను దిగి నిలబడతానన్నాను. అంకుల్ వద్దన్నారు. కరెంటు స్తంభం నుంచి వెనక ఓక్ చెట్టుదాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఒకచోట ఆగి మడమతో మట్టిలో గీత గీశారు. ఆ గీతకి పక్కగా, ఆంటీకి అద్దంలో కనపడేలా నిలబడ్డారు. "నేను అద్దంలో లేకపోతే ఆగిపో" అని చెప్పి, బండి కదలగానే మా ఊరి బస్సు క్లీనర్‌లా అందుకున్నారు. "రానీ, రానీ, రానీ... హోల్డాన్! మళ్ళీ ముందుకి. రైట్ రైట్!" పక్క సైట్లో కుర్చీలేసుకున్న అమెరికన్ ముసలాయన బీరు పక్కన పెట్టి మరీ చూశాడు. నాలుగోసారికి బండి గీత మీద ఆగింది.

తర్వాత చక్రాల కింద పలకలు పెట్టి బండిని సమంగా చెయ్యాలి. ఇది సోకు కాదు. గ్యాస్ మీద పనిచేసే ఈ రకం ఫ్రిజ్ ఒరిగి ఉంటే సరిగ్గా చల్లబడదు, పాడైపోతుంది కూడా. ఆంటీ లెక్క వేరే. పెనం మీద పిండి పోస్తే అట్టు ఒక పక్కకి జారితే ఇంకో పలక పెట్టాలి.

సాయంత్రం ఒడ్డున ఎవరో స్ట్రైప్డ్ బాస్ పట్టారు. సముద్రపు చేప. రెడ్ రివర్ ఎగువన ఉప్పు నేలల మీదుగా వస్తుంది కాబట్టి ఈ సరస్సుకి కాస్త ఉప్పదనం ఉంది, అందుకే ఆ చేప ఇక్కడ తనంతట తనే పెరుగుతుందట. పాప నీళ్ళలో వేలు ముంచి నాకి చూసి, ఉప్పగా లేదంది.

రాత్రి మంట దగ్గర అడగకూడనిదే అడిగాను. ఆంటీ కూడా నడపలేని రోజు వస్తే?

అంకుల్ మంటలోకి చూస్తూ ఉండిపోయారు. ఆంటీ చెప్పారు. హ్యూస్టన్‌కి ఉత్తరాన లివింగ్‌స్టన్ అనే ఊళ్ళో, ఇలా బండ్లలో బతికేవాళ్ళ సంఘం ఎస్కేపీస్ ఉంది. ఇల్లులేని వేలమందికి ఉత్తరాల చిరునామా అదే, వీళ్ళకీ అదే. నడపలేనివాళ్ళు తమ బండిని అక్కడ ఆపుకుని అందులోనే ఉండొచ్చు. భోజనం, ఆస్పత్రికి తీసుకెళ్ళడం వాళ్ళు చూసుకుంటారు. "వెళ్ళి చూసొచ్చాం కూడా" అన్నారు.

"నువ్వు చూశావు" అన్నారు అంకుల్. "నేను బండి దిగలేదు."

"దిగలేదు" అని ఆంటీ ఒప్పుకున్నారు. ఇంకో కట్టె వేశారు. మేం మా టెంటులోకి పోయి పడుకున్నాం. చాలాసేపు వాళ్ళ కిటికీలో దీపం వెలుగుతూనే ఉంది. ఆంటీ ఏదో పుస్తకం పైకి చదివి వినిపిస్తున్నట్టు మాటలు సన్నగా వినిపించాయి.

పొద్దున్న డంప్ స్టేషన్ పని అంకుల్‌దే. ఆ పనికి కళ్ళతో అవసరం లేదన్నారు. ముందు మరుగుదొడ్డి ట్యాంకు, తర్వాత స్నానాల నీళ్ళు. వెనక వచ్చే నీళ్ళు పైపుని కడిగేస్తాయి. "మీ సాఫ్ట్‌వేర్లో డంప్ తీయడం కూడా ఇంతేనా?" అని నన్ను ఆటపట్టించారు.

మామూలుగా ఇలా తిరిగేవాళ్ళు రోజుకి 300 మైళ్ళు, మధ్యాహ్నం మూడింటికల్లా చేరడం, ఒకచోట మూడు రాత్రులు అని లెక్క పెట్టుకుంటారు. ఆంటీ 200 చాలన్నారు. ఇంజెక్షన్‌కి తిరిగి రావాలి కాబట్టి మూడు వారాలు ముందుకి, మూడు వారాలు వెనక్కి. మ్యాపులో ప్లేనో చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీసుకున్నారు. న్యూజెర్సీ, కాలిఫోర్నియా రెండూ దాని బయటే ఉన్నాయి. ఇకమీదట పిల్లల్నే రమ్మంటారట.

వాళ్ళు పడమటికి తిరిగారు, మేం ఇంటికి. సాయంత్రం ఆంటీ దగ్గర్నుంచి వాట్సాప్: "చేరాం. 180 మైళ్ళు. వెనక్కి పెట్టేటప్పుడు ఒక కొమ్మ గీసుకుంది, పెద్దగా ఏం లేదు. అంకుల్ దారిలో రెండుసార్లే బ్రేకు తొక్కారు."