మాటకూ తూకం ఉంది!

మా ఆడపడుచు కూతురి పెళ్లికి మసాలా దినుసులు కొందామని బేగంబజార్ వెళ్లాను. హోల్‌సేల్ ధరల మీద ఆశ కొద్దీ అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, జనాన్నీ తోపుడుబళ్లనీ తప్పించుకుంటూ నడిచాను. ఒక కొట్లో అరకిలో దాల్చినచెక్క తీసుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే మందంగా, గరుకుగా, విరిచినా విరగనంత గట్టిగా ఉంది. అది కాసియా చెక్క! మర్నాడే వెళ్లి నలుగురిలో, "ఫ్రాడ్ చేశారు సేఠ్‌జీ" అనేశాను.

ఆయన ముఖం చిన్నబోయింది. బస్తా మీద గుచ్చిన అట్టముక్క చూపించాడు. దానిమీద కాసియా అనే రాసి ఉంది. ధరా తక్కువే. "అందరూ దీన్నే దాల్చినచెక్క అని అడుగుతారమ్మా" అన్నాడు. నా గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

ఇంటికొచ్చాక ఇంటర్ చదివే మా అమ్మాయి నాకే క్లాసు పీకింది. "అమ్మా, ఇంగ్లీషులో ఒక్కో మాటకి ఒక్కో బరువుంటుంది" అని.

నిజమే! గారడీవాడు చేసేది ట్రిక్. నవ్వుకుని వచ్చేస్తాం. లేనిది ఉన్నట్టు బుకాయిస్తే బ్లఫ్. పరీక్షలోనో పేకాటలోనో నియమం తప్పితే చీటింగ్. కావాలని అబద్ధాన్ని నమ్మిస్తే డిసీవ్. పథకం వేసి, దొంగ కాగితాలు పుట్టించి సొమ్ము కాజేస్తే ఫ్రాడ్. తెలిసో తెలియకో దారి తప్పిస్తే మిస్‌లీడ్. నాకు జరిగింది ఆ చివరిదే!

మన తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? టోపీ పెట్టడం, బురిడీ కొట్టించడం అంటే కాస్త నవ్వొస్తుంది. దగా అంటే గుండె మండుతుంది. తియ్యగా మాట్లాడి ముంచితే నయవంచన. దానికి సరిపోయే ఒక్క మాట ఇంగ్లీషులో మా అమ్మాయికీ దొరకలేదు.

చట్టమూ ఉద్దేశమే చూస్తుంది. మనం తిట్టుగా వాడే 'ఫోర్ ట్వంటీ' పాత శిక్షాస్మృతిలోని సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వచ్చింది. అక్కడా దురుద్దేశంతో నమ్మించారని రుజువు కావాలి.

అలాగని కళ్లు మూసుకుని కొనమనడం లేదు. అసలు దాల్చిన కాగితంలా పల్చటి పొరలుగా చుట్టుకుని, ఇట్టే విరుగుతుంది. మిరియాలు నీళ్లలో వేస్తే మునుగుతాయి, కలిపిన బొప్పాయి గింజలు తేలతాయి. బిల్లు అడిగి తీసుకోండి. నిజంగా మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

తర్వాత వారం మళ్లీ ఆ కొట్టుకెళ్లాను. నలుగురిలో అన్న మాటకి నలుగురిలోనే క్షమించమన్నాను. సేఠ్ నవ్వి, నేనడిగిన యాలకులు తూచి, ముల్లు నిలిచేదాకా ఆగాడు. మాటనీ అలాగే తూచి అనాలని ఆ రోజు నాకు తెలిసొచ్చింది.