రెండు డిస్కుల పెట్టె, నాన్నగారి స్వరం

కడపలోని మా ఇంట్లో, ముందుగది మూలన, చిన్న పీట మీద ఒక నల్లని పెట్టె ఉంది. అందులో నాలుగేసి టెరాబైట్ల హార్డ్ డిస్కులు రెండు. ఇంటిల్లిపాది ఫోన్లలోని ఛాయాచిత్రాలు, పొలం దస్తావేజుల నకళ్లు, అక్కయ్య నికాహ్ వీడియో అందులోనే ఉండేవి. అన్నిటికంటే విలువైనవి నాన్నగారి స్వరంతో ఉన్న నలభై ఒక్క ధ్వనిముద్రణలు. ఆయన పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. తమ చివరి చలికాలమంతా ఫజ్ర్ నమాజు తరువాత టీ తాగుతూ, తమ బాల్యాన్ని, చదువుకోవడానికి నడిచిన దారులను, మేమెన్నడూ చూడని బంధువుల ముచ్చట్లను ఫోను ఎదుట చెప్పుకుంటూ పోయారు. ఆయన మరణించిన ఏడాదికి, ఒక సాయంత్రం ఆ ఫోల్డరు కోసం వెతికితే కనిపించలేదు.

పెట్టె చెడిపోలేదు. డిస్కులు రెండూ చక్కగా పనిచేస్తున్నాయి. సెలవులకు వచ్చిన మేనల్లుడు తన కార్టూన్లకు చోటు చేసుకోవాలని, పేరుకు బదులు తేదీ మాత్రమే ఉన్న ఒక ఫోల్డరును తొలగించాడు. "మామూ, అది పాతదనుకున్నాను" అన్నాడు. వాడికి తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి చూసే అనుమతితో పాటు తుడిచేసే అనుమతి కూడా ఇచ్చింది నేను. నెట్‌వర్కు ద్వారా తొలగించిన ఫైళ్లు కంప్యూటరులోని చెత్తబుట్టకు చేరవు. పెట్టెకు విడిగా చెత్తబుట్ట ఉంటుంది గాని, దానిని మనమే అమర్చుకోవాలి. నేను అమర్చలేదు. పైగా ఆ రాత్రి పెట్టెను ఆపకుండా వదిలేశాను. మా ఫోన్లన్నీ యథాప్రకారం కొత్త చిత్రాలను దానిలోకి పంపుతూనే ఉన్నాయి. తొలగించిన ఫైలు డిస్కు మీది నుండి వెంటనే చెరిగిపోదు. దాని చోటు ఖాళీ అని గుర్తు పడుతుందంతే. ఆ చోట కొత్తది వ్రాయబడితేనే పాతది శాశ్వతంగా పోతుంది. నేను చేయవలసినదల్లా వెంటనే పెట్టెను ఆపివేయడం. మరునాడు నిపుణుల వద్దకు తీసుకువెళ్లేసరికి ఆలస్యమైపోయింది.

"రెండు డిస్కులు ఉన్నాయి కదా, ఒకదానిలో పోతే రెండవదానిలో ఉండదా?" అని అమ్మ అడిగింది. ఇటువంటి పెట్టె కొన్న ప్రతి కుటుంబమూ అడుగవలసిన ప్రశ్న అదే. పెట్టె కొన్ననాడే నేను అడగకపోవడం నా తప్పు.

ఈ పెట్టెను నాస్ అంటారు. ఒక కంప్యూటరుకు కాక ఇంటి నెట్‌వర్కుకే తగిలించిన నిల్వ అన్నమాట. అందులో రెండు డిస్కులను జతచేసే పద్ధతి పేరు రెయిడ్. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ప్రచురించిన పరిశోధనా పత్రంతో ఈ పేరు స్థిరపడింది. ఇళ్లలో ఎక్కువగా వాడే రెయిడ్ 1లో ఒక డిస్కు మరొకదానికి అద్దం వంటిది. నాలుగేసి టెరాబైట్ల డిస్కులు రెండు పెట్టినా మనకు దక్కే చోటు నాలుగు టెరాబైట్లే. ఒక డిస్కు పాడైతే రెండవది పని ఆగకుండా చూస్తుంది. దాని బాధ్యత అంతవరకే. అద్దం ఎదుట మనం చేయి ఎత్తితే ప్రతిబింబమూ ఎత్తుతుంది. ఫైలును తొలగిస్తే ఆ క్షణమే రెండు చోట్లా పోతుంది. పెట్టెను దొంగ ఎత్తుకుపోయినా, పిడుగుపాటుకు కాలిపోయినా రెండు డిస్కులూ కలిసే పోతాయి. దుకాణంలో "రెండు డిస్కులండీ, పూర్తి భద్రం" అంటారు. సగం నిజం.

మాకు కొంతైనా మిగిలింది మా జాగ్రత్త వల్ల కాదు. దమ్మామ్‌లో ఉంటున్న అక్కయ్య, అంతకుముందు ఈద్‌కు వచ్చినప్పుడు, తీరిక వేళల్లో వినడానికి కొన్ని ధ్వనిముద్రణలను పెన్‌డ్రైవులో వేసుకొని వెళ్లింది. అందులో ఇరవై ఆరు ఉన్నాయి. మిగిలిన పదిహేను పోయాయి.

అప్పుడు మొదలుపెట్టి మొత్తం ఏర్పాటును తిరిగి అమర్చాను. మొదటి పని అనుమతులు. ఇంట్లో ఒక్కొక్కరికి వేరువేరు ఖాతా ఇచ్చాను. పిల్లలు కుటుంబ చిత్రాలను చూడగలరు, తొలగించలేరు. పెద్దలకు కూడా నిత్యం వాడే ఖాతా వేరు, నిర్వహణ ఖాతా వేరు. రెండవ పని స్నాప్‌షాట్. చాలా పెట్టెలలో ఈ సదుపాయం ఉంటుంది. ఫలానా రోజున, ఫలానా గంటకు ఫైళ్లు ఎలా ఉన్నాయో ఆ స్థితిని పెట్టె గుర్తుంచుకుంటుంది. రోజుకు ఒకటి చొప్పున నెల రోజులు నిలిపితే, నిన్న పొరపాటున పోయినదాన్ని నేడు తిరిగి పొందవచ్చు. ఇది ఉండి ఉంటే మేనల్లుడి పొరపాటును అయిదు నిమిషాల్లో సరిదిద్దేవాళ్లం.

పెట్టె ఎంత మంచిదైనా దానికీ మన ఫోన్లకూ మధ్య దారి రూటరే. నా అనుభవంలో పెట్టె మీద వచ్చే ఫిర్యాదులలో సగానికి పైగా నిజానికి ఆ దారిలోని లోపాలు.

మా ఇంట్లో మొదటి ఫిర్యాదు వేగం గురించి. రెండు వందల గిగాబైట్ల చిత్రాలను కంప్యూటరు నుండి పెట్టెలోకి పంపడానికి అయిదు గంటలు పట్టింది. పెట్టె మీద, రూటరు మీద వెయ్యి మెగాబిట్లని వ్రాసి ఉంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక సెకనుకు నూట పది మెగాబైట్లయినా పోవాలి. పోతున్నది పదకొండే. కంప్యూటరు అమరికలలో నెట్‌వర్కు వేగం చూస్తే వెయ్యికి బదులు నూరు అని ఉంది. కారణం తీగ. నెట్‌వర్కు తీగలో ఎనిమిది సన్నని తీగలుంటాయి. వెయ్యి మెగాబిట్ల వేగానికి ఎనిమిదీ కావాలి, నూరు మెగాబిట్లకు నాలుగు చాలు. మిగిలిన నాలుగింటిలో ఒకటి తెగితే సంబంధం ఆగిపోకుండా, మౌనంగా పదోవంతుకు దిగిపోవచ్చు. మా తీగ తలుపు సందులో నలిగి ఉంది. కొత్తది వేయగానే అదే పని అరగంటలో ముగిసింది. అందుచేత పెట్టెను వై-ఫైకి కాక తీగతోనే రూటరుకు కలపండి, ఆ తీగను తలుపుల మధ్యగా తీసుకుపోకండి.

రెండవ ఫిర్యాదు అమ్మది. ఫోనులో కనిపించే పెట్టె టీవీలో కనిపించడం లేదని. ఇది ఈనాడు చాలా ఇళ్లలో ఉన్న చిక్కు. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన పరికరంలోనే ఒక రూటరు ఉంటుంది. దాని వై-ఫై పడకగదికి అందడం లేదని మనం మరొక రూటరు కొని దానికి తగిలిస్తాము. రెండూ ఎవరికి వారు చిరునామాలు పంచిపెడతాయి. ఒకే ఇంట్లో రెండు వీధులు ఏర్పడతాయి. మా పెట్టె లోపలి వీధిలో, టీవీ బయటి వీధిలో ఉన్నాయి. లోపలి నుండి బయటికి పిలుపు వెళుతుంది గాని బయటి నుండి లోపలికి రాదు. పరిష్కారం తేలిక. రెండవ రూటరు అమరికలలో యాక్సెస్ పాయింట్ అనే విధానాన్ని ఎంచుకోవాలి. అప్పుడది చిరునామాలు పంచడం మాని, మొదటిదాని వై-ఫైని విస్తరించే పని మాత్రమే చేస్తుంది. అతిథుల కోసం పెట్టిన వై-ఫైకి టీవీని కలిపినా ఇదే జరుగుతుంది. అతిథులకు ఇంటిలోని పరికరాలు కనిపించకూడదనే దానిని ఏర్పరిచారు. అది లోపం కాదు.

మూడవది కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పెట్టె మాయమవడం. రూటరు తిరిగి వెలిగినప్పుడు చిరునామాలను కొత్తగా పంచవచ్చు. నిన్నటి వరకు పెట్టెకు ఉన్న అంకె నేడు ఎవరి ఫోనుకో దక్కుతుంది. రూటరులో ఆ పెట్టె పేరిట ఒక చిరునామాను శాశ్వతంగా కేటాయిస్తే ఈ బెడద తీరుతుంది. ఇన్వర్టరు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. అది అందుకొనే ఆ కనురెప్పపాటులో రూటరు, పెట్టె ఆగి మళ్లీ మొదలుకావచ్చు. వ్రాత మధ్యలో డిస్కు ఆగడం ఫైళ్లకు మంచిది కాదు. చిన్న యూపీఎస్ ఒకటి చాలు.

వై-ఫై గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రూటరును ఇనుప బీరువా వెనుక, చేపల తొట్టి పక్కన పెట్టకండి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలను దాటి దూరం పోతుంది, నిదానం. 5 గిగాహెర్ట్జ్ వేగవంతం, గోడలకు లొంగుతుంది. అపార్టుమెంట్లలో మొదటిదానికి రద్దీ ఎక్కువ. ఒకదానితో ఒకటి తగలని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే.

భద్రత విషయంలో మాత్రం నిదానించాలి. 2017 మే నెలలో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి సొమ్ము అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది చొరబడినది ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్ఎంబీ అనే పద్ధతి మొదటి రూపంలోని లోపం గుండా. దానికి మరమ్మతు మార్చిలోనే వెలువడింది, వేసుకోనివారు నష్టపోయారు. ఆ ఏడాది చివరి నుండి కొత్త విండోస్‌లో ఆ పాత రూపాన్ని మూసే ఉంచుతున్నారు. అందువల్లనే పాత పెట్టెలు కొన్ని కొత్త కంప్యూటరుకు కనిపించవు. అప్పుడు ఎవరో ఒకరు "ఆ పాతదాన్ని తెరిస్తే సరి" అని సలహా ఇస్తారు. తెరవకండి. పెట్టె సాఫ్ట్‌వేరును నవీకరించి ఎస్ఎంబీ రెండవ లేక మూడవ రూపానికి మార్చండి. అది సాధ్యం కాని పెట్టెకు విశ్రాంతి ఇవ్వడమే మేలు.

2021 జూన్‌లో మై బుక్ లైవ్ అనే పాత నాస్ పెట్టెలను ఎవరో దూరం నుండి ఇంటర్నెట్ ద్వారా తుడిచివేశారు. ఆ పెట్టెలకు 2015 తరువాత నవీకరణలు లేవు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనేది క్యూనాప్ సంస్థ పెట్టెలకు తాళాలు వేసింది. రెండు సందర్భాలలోనూ దెబ్బతిన్నవి ఇంటర్నెట్టుకు నేరుగా కనిపిస్తున్న పెట్టెలు. బయట ఉన్నప్పుడు కూడా చిత్రాలు చూడాలనే ముచ్చటతో రూటరులో పోర్టు తెరుస్తాము. కొన్నిసార్లు యూపీఎన్‌పీ అనే అమరిక మనకు తెలియకుండానే తెరుస్తుంది. దాన్ని ఆపివేయండి. రూటరు నిర్వహణకు కంపెనీ పెట్టిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చండి. ఇంటి ఆడవారి, పిల్లల చిత్రాలు మనవద్ద అమానత్. వీధి తలుపు తీసి పెట్టి లోపలి బీరువాకు తాళం వేసినంత మాత్రాన సరిపోదు. దూరం నుండి చూడడం తప్పనిసరి అయితే వీపీఎన్ ఉంది. అయితే గల్ఫ్ వంటి చోట్ల ఉండేవారు ఆ దేశపు చట్టం ఏ మేరకు అనుమతిస్తుందో ముందు తెలుసుకోవాలి. అక్కయ్య కోసం మేము ఆ దారి పట్టలేదు.

మేము పట్టినది పాతకాలపు దారి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, వాటిలో ఒకటి ఇంటికి దూరంగా అనే సూత్రాన్ని అమెరికా ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చాడు. మా మొదటి ప్రతి పెట్టెలో ఉంది. రెండవది చేతిలో పట్టే చిన్న డిస్కులో, వారానికి ఒకసారి నకలు చేసి, తీగ ఊడదీసి, బీరువాలో పెడతాము. తీగ ఊడదీయడం ముఖ్యం. తగిలించి ఉంచిన నకలుకు కూడా తాళం పడుతుంది. అటువంటిదే మరొక డిస్కు దమ్మామ్‌లో అక్కయ్య దగ్గర ఉంది. ఎవరు వచ్చినా వెళ్లినా ఖర్జూరాలతో పాటు డిస్కులూ చేతులు మారుతాయి. దారిలో పోయినా పరులు తెరవలేకుండా సంకేత లిపిలో నింపాము. ఆ పాస్‌వర్డు నా జ్ఞాపకంలో మాత్రమే ఉంటే నా తరువాత అది పనికిరాని ఇనుము. కనుక కాగితం మీద వ్రాసి, ఒకటి పొలం దస్తావేజులతో కలిపి అమ్మకు, ఒకటి అక్కయ్యకు ఇచ్చాను.

నకలు ఉందనుకోవడం వేరు, అది తెరుచుకోవడం వేరు. అందుకని రెండు నెలలకొకసారి బీరువాలోని డిస్కు తీసి ఏదో ఒక ఫైలును తెరిచి చూస్తాము. ఏది తెరవాలో అమ్మ చెబుతుంది. పోయిన నెల పదిహేడవ అంకె చెప్పింది. నాన్నగారు తమ ఊరి దిగుడుబావి గురించి చెబుతూ, మధ్యలో ఆగి, టీలో చక్కెర తక్కువైందని అమ్మతో అంటారు. ఆ మాట వచ్చేవరకు అమ్మ అక్కడినుండి కదలలేదు. జాబితాలో పోయిన పదిహేనింటి అంకెలను తీసివేయలేదు, వాటి ఎదుట గడులు ఖాళీగానే ఉన్నాయి.